గోడ మీది బొమ్మ... గంతేసింది!

ముక్కూ మొహం లేదు. కళ్లూ చెవులూ లేవు. లావుపాటి గీతతో గీసిన మనిషి ఆకారం, అంతే. ఒక కాలు గాల్లో ఉంది, చేతులు వంకర్లు తిరిగాయి, ఒంటి చుట్టూ చిన్నచిన్న గీతలు. 'ఈ బొమ్మ ఏం చేస్తోంది?' అని పిల్లల్ని అడిగి చూడండి. 'డ్యాన్స్' అని ఠక్కున చెబుతారు. 'మరి ఇలా నిలబడటానికి ఒక్క క్షణం ముందు ఏం చేసి ఉంటుంది?' అనడగండి. ఇక మాటలుండవు. లేచి చేసి చూపిస్తారు.

వీధి గోడల బొమ్మల్లోంచి నాట్యం అల్లించే పాఠం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. డ్యాన్స్ టీచర్లకు ఈ పాఠంలో బాగా అక్కరకొచ్చేవి అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్ బొమ్మలు. 1958లో పెన్సిల్వేనియాలో పుట్టిన హేరింగ్ ఇరవయ్యో ఏట న్యూయార్క్ చేరాడు. అక్కడి భూగర్భ రైల్వేస్టేషన్లలో గడువు తీరిన ప్రకటనల మీద నల్ల కాగితం అంటించేవాళ్లు. అది అతనికి పలకలా కనిపించింది! జేబులో తెల్ల సుద్దముక్క పెట్టుకుని 1980 నుంచి 1985 వరకూ వేల బొమ్మలు గీశాడు. పోలీసులు వచ్చేలోగా ముగించాలి కాబట్టి చెరపడాలూ దిద్దడాలూ లేవు. పట్టుబడిన సందర్భాలూ ఉన్నాయి.

అదే రోజుల్లో ఆ ఊరి కుర్రాళ్లు వీధుల్లో బ్రేక్‌డ్యాన్స్ చేసేవాళ్లు. తల మీద గిరగిరా తిరిగేవాళ్లనూ, ఒళ్లంతా అలలా ఊపేవాళ్లనూ చూసి హేరింగ్ బొమ్మల్లోకి దించాడు. అంటే వీధిలో ఆట ముందే గోడెక్కింది. పిల్లలు చేసేది దాన్ని మళ్లీ కిందికి దించడమే. 1982లో నాట్యకారుడు బిల్ టి.జోన్స్ ఆడుతుంటే వెనక హేరింగ్ బొమ్మ వేశాడు. కుంచె చప్పుడే సంగీతం!

స్టెప్పులు చూపించని మాస్టారు

మన స్కూళ్లలో యాన్యువల్ డే సంగతి తెలిసిందే. సినిమా పాట పెడతారు. మాస్టారు ముందు నిలబడి స్టెప్పులు వేస్తారు, పిల్లలు అనుకరిస్తారు. ముందు వరుసలో ఏటా ఆ నలుగురే. 'మావాడికి డ్యాన్స్ రాదండీ' అన్న మాట పుట్టేది అక్కడే. గోడ బొమ్మ పాఠంలో మాస్టారు ఒక్క స్టెప్పూ వేయకూడదు. వేశారా, అందరూ అదే చేస్తారు. అడగడం, ఆగడం... ఇవే ఆయన పనులు. రెండోదే కష్టం.

ముందు పిల్లలు తలా ఒక బొమ్మను ఎంచుకుని అచ్చం అలాగే కదలకుండా నిలబడతారు. బొమ్మకు మొహమే లేదు కాబట్టి ఎలా నవ్వాలన్న బెంగ లేదు. ఆడా మగా తేడా అంతకన్నా లేదు. తర్వాత ఒంటి చుట్టూ ఉన్న గీతల సంగతి. అవి వణుకా? చప్పుడా? వేడా? ఒకడు వేళ్లు ఆడిస్తాడు, ఇంకో పిల్ల నేల దద్దరిల్లేలా అడుగేస్తుంది. రెండూ రైటే. ఆపైన అసలు చిక్కు. ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోగా మొదటి బొమ్మ నుంచి రెండో బొమ్మలోకి మారాలి. ఒకటి నేల మీద పాకుతోంది, రెండోది గాల్లోకి ఎగురుతోంది. మధ్య దారి ఏ గోడ మీదా ఉండదు. పిల్లలే వెతుక్కోవాలి. పొరపాటున బోర్లా పడితే అదీ ఒక దారే! మూడు బొమ్మలు, రెండు దారులు... సొంత డ్యాన్స్ తయారు. పాట చిట్టచివర పెట్టాలి. ముందే పెడితే కాళ్లు సినిమా వెంట పోతాయి. తల మీద తిరిగే బొమ్మను మాత్రం పక్కన పెట్టాల్సిందే. మెడతో ఆటలొద్దు.

గోడల మీద రాతలు మొదట పుట్టింది పేర్ల కోసమే. కాబట్టి ఒంటితో పేరు రాయడం మరో ఆట. ఇందులో మన లిపికి తిరుగులేదు. అన్నీ గుండ్రాలే! 'ర' కావాలంటే ఇద్దరు చేతులు కలిపి సున్నా చుట్టాలి, మూడోవాడు తలకట్టు కావాలి. తలకట్టు ఎవరన్న దగ్గర కాస్త తగవు తప్పదు.

బొమ్మల కోసం న్యూయార్క్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గరి మక్తా ఇళ్ల గోడల మీద 2016లో పెద్దపెద్ద చిత్రాలు వెలిశాయి. నాట్యానికీ బొమ్మకూ చుట్టరికమూ మనకు కొత్త కాదు. కూచిపూడి సంప్రదాయంలోని సింహనందినిలో నర్తకి ఆడుతూ ఆడుతూనే పాదాలతో సింహం బొమ్మ గీస్తుంది. అక్కడ ఆట బొమ్మవుతుంది, ఇక్కడ బొమ్మ ఆటవుతుంది.

ఎయిడ్స్ సోకిందని తెలిశాక కూడా హేరింగ్ పిల్లల్ని వదల్లేదు. 1989లో షికాగోలో దాదాపు 500 మంది విద్యార్థులతో కలిసి పొడవాటి చిత్రం వేశాడు. గీతలు అతనివి, రంగులు నింపడం పిల్లల వంతు. మరుసటి ఫిబ్రవరిలో 31 ఏళ్లకే కన్నుమూశాడు.

ఇంట్లో ప్రయత్నించాలంటే డాబా చాలు. ఒకరు నేల మీద వంకరటింకరగా పడుకుంటే మరొకరు చుట్టూ సుద్దతో గీత గీయాలి. లేచి చూస్తే బొమ్మ సిద్ధం. నాలుగు బొమ్మలయ్యాక ఒకదాంట్లోంచి మరోదాంట్లోకి దూకడమే. సుద్దముక్క లేకపోతే ముగ్గుపిండి కూడా పనికొస్తుంది... అమ్మను అడిగి తీసుకుంటే!