నడువలేనివారికి బండి

ఇంటికొక కుట్టుమిషను కొనవలసివచ్చినచో మనము నలుగురిని విచారింతుము. గ్రైండరు కొనునప్పుడు దాని రాయి యెట్టిది, మోటారునకు పూచీ యెన్నేండ్లని యడుగుదుము. చీర సంగతి చెప్పనే యక్కరలేదు, వెలుతురులోనికి తెచ్చి యంచు త్రిప్పి చూడక విడువము. ఇంటిలో నడువలేని మనిషికి బండి కావలసినప్పుడు ఈ విచారణ యంతయు నెక్కడికో పోవును. ఎవరేది యిచ్చిన నది పుచ్చుకొనుటయు, అది యిరుకైనను వదులైనను మహాప్రసాదమని కన్నుల కద్దుకొనుటయు మన యిండ్లలో మామూలైనది. బండి యొకరి దయవలన రావలసినదే కాని, కొలిచి, యెంచి, బేరమాడి తెచ్చుకొనవలసిన వస్తువు కాదన్నట్లు ప్రవర్తించుచున్నాము. ఈ విషయమున సోదరీమణులతో కొంత ముచ్చటింపవలెనని మా యభిలాష.

2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు సుమారు 2 కోట్ల 68 లక్షలని తేలెను. వారిలో స్త్రీలు 1 కోటి 18 లక్షలు. కదలికయందు లోపము గలవారు, స్త్రీ పురుషులందరును గలిసి, 54 లక్షలు. ఆ యేటి జనవరి మాసముననే పశ్చిమ వంగదేశములో మన దేశపు కడపటి సహజ పోలియో రోగము కనబడినది. 2014 మార్చిలో భారతదేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడెను. అంతటితో నీ కష్టము తీరినదని కొందరనుకొందురు. కాని యంతకుముందు పసితనముననే కాళ్లు చచ్చుబడిన పిల్లలు నేడు ముప్పదేండ్ల, నలువదేండ్ల గృహిణులు. వారికి తోడు స్కూటరు ప్రమాదములలో వెన్నెముక దెబ్బతిన్నవారు, పక్షవాతము వచ్చినవారు, మధుమేహముచేత కాలు తీయించుకొన్నవారు, పుట్టుకతోనే కండరములు స్వాధీనములేని పిల్లలు ప్రతి యూరను గలరు. వారిని పిలుచు పేర్లు మాటిమాటికి మారుచున్నవి. కుంటి, అవిటి యనుట మాని వికలాంగులంటిమి. ఇప్పుడు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అనుచున్నాము. పేరు గౌరవముగా నుండుట మంచిదే. గడప యెత్తు మాత్రము తగ్గలేదు.

మా వీధిలో పోలియో వలన రెండు కాళ్లును పనిచేయని యొక స్త్రీ గలదు. కుట్టుపనిలో నేర్పరి. రవికలు కుట్టించుకొనువారు ఆమె యింటికే పోవుదురు. కొన్నేండ్ల క్రిందట నొక శిబిరమున నామెకు చేతితో త్రిప్పుకొను మూడు చక్రముల బండి నిచ్చిరి. శాలువలు, ఫోటోలు అన్నియు నైనవి. బండి యింటికి వచ్చిన పిదప చూడగా నది వీధి తలుపున పట్టలేదు. ఎండకు నెండి, వానకు తడిసి, గొలుసు తుప్పు పట్టెను. పైగా నామె కుడిచేయి యెడమచేతి యంత బలమైనది కాదు. ఆ బండి త్రిప్పుడుపిడి కుడివైపుననే యున్నది. ఆరు మాసములలో నా బండి వడియము లెండబెట్టుకొనుట కుపయోగపడజొచ్చెను. "బండి యిచ్చినను తిరుగలేదు" అను నపవాదు ఆమెకు మిగిలినది.

ఆమె తల్లిని మేమడుగగా, "దానికి పోవలసిన చోటేమున్నదమ్మా? కావలసినవన్నియు మేమే తెచ్చిపెట్టుచున్నాము గదా" యనెను. ఆ తల్లి ప్రేమను శంకింప వీలులేదు. కాని యీ మాట కొడుకు విషయములో నెవరైన నందురా? కొడుకునకు ఉద్యోగమున్నది, బజారున్నది, స్నేహితులున్నారు. అతని బండికొరకు అప్పైనను చేయుదురు. కూతునకు దారపుండ సైతము ఒకరు తెచ్చిపెట్టుదురు. దాని రంగు ఆమె యెన్నుకొనలేదు, బేరమామె యాడలేదు, తన కుట్టుకూలి బజారులో నెంత పలుకుచున్నదో యామె యెరుగదు. బండి లేనిదే పోవలసిన చోట్లెట్లు తెలియును? ఏ బండి కొనవలెనను ప్రశ్నకు ముందు, కొనవలెనా యను ప్రశ్న మన యిండ్లలోనే తేలవలసియున్నది. దానిని తేల్చువారు చాలవరకు తల్లులు, అత్తలు, వదినలు. అందుచేతనే యీ సంగతి మన పత్రికలో వ్రాయుచున్నాము.

ఇక బండ్ల విషయము. ఆసుపత్రులలో కనబడు మడతకుర్చీ రోగిని ఒక గదినుండి మరియొక గదికి త్రోసికొనిపోవుటకు చేసినది. దినమంతయు నందు కూర్చుండి బ్రతుకువారికై చేసినది కాదు. వనరులు తక్కువగా గల ప్రదేశములకొరకు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో చక్రముల కుర్చీలను గూర్చి మార్గదర్శకములు ప్రచురించెను. మనిషిని పరీక్షించి కొలతలు తీయుట, కుర్చీని సరిచేసి యమర్చుట, వాడుక నేర్పుట, కొంతకాలమునకు మరల చూచుట, ఇవన్నియు కుర్చీ నిచ్చుటలో భాగములేయని యందు చెప్పబడినది. మన శిబిరములలో నిచ్చుట యొక్కటియే కనబడుచున్నది.

కొలతలకు రవికల టేపు చాలును. మనిషిని గట్టి బల్లపై నిటారుగా కూర్చుండబెట్టి, తుంటి దగ్గర నెంత వెడల్పున్నదో చూడవలెను. కుర్చీ పీటయు నించుమించుగా నంతే యుండవలెను. వీపు వెనుకనుండి మోకాలి మడతవరకు కొలిచి, రెండు మూడు వ్రేళ్ల వెడల్పు తగ్గించినచో పీట లోతు వచ్చును. మోకాలి మడతనుండి మడమవరకు గల పొడవు పాదపీఠమెంత క్రింద నుండవలెనో చెప్పును. పీట వెడల్పైనచో మనిషి యొకవైపునకు వాలును, వెన్ను వంగును, చేతులు చక్రముల కందవు. పెరుగు బిడ్డ గదాయని పావడా పెద్దది కుట్టించినట్లు కుర్చీ పెద్దది తెచ్చుట చాలమంది చేయుచున్న పని. పావడా మడిచి కుట్టవచ్చును; వంగిన వెన్ను నట్లు సరిచేయలేము.

వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద స్పర్శ తెలియనివారి విషయమున మరింత జాగ్రత్త వలయును. వారు గంటల తరబడి యొకే తీరున కూర్చున్నచో చర్మము నలిగి పుండు పడును. నొప్పి తెలియదు గనుక పుండు లోతైనవరకు నెవరును గమనింపరు. ఇట్టి పుండ్లు ప్రాణముమీదికి తెచ్చుటయు గలదు. కాబట్టి వారి కుర్చీకి మంచి మెత్త తప్పనిసరి. అరగంటకైనను చేతులూని శరీరమును లేపుకొనుట, లేదా ప్రక్కకు ముందునకు వంగుట యలవాటు చేయవలెను. రాత్రి పడుకొనునప్పుడు తుంటి, పిరుదులు, మడమలపై నెరుపు గలదేమో చూడవలెను. కుర్చీకి వేలు వెచ్చించి మెత్తను మిగుల్చుకొనువారు మాకు తెలియును. అది పొదుపు కాదు.

కుర్చీ యింటిలోపలికి, నున్నని నేలకు. ఊరిలో మైలు, రెండు మైళ్లు పోవుటకు చేతిబండియే చవుక. 1655 ప్రాంతమున జర్మనీలోని న్యూరెంబర్గు సమీపమున స్టెఫాన్ ఫార్‌ఫ్లర్ అను గడియారముల పనివాడు, తనకు కాళ్లు స్వాధీనములేనందున, చేతితో త్రిప్పు మూడు చక్రముల బండి తానే చేసికొనెను. నేటి మన బండియు నా జాతిదే. దీనికి సైకిలు టైర్లు, సైకిలు గొలుసు గనుక ఏ మూలనున్న సైకిలు దుకాణమువాడైనను బాగుచేయగలడు. ఇది చిన్న సుగుణము కాదు. కాని యెత్తు రోడ్డున చేతులు పడిపోవును, నలువదేండ్లు దాటినవారికి భుజములు నొచ్చును. తీసికొనుటకు ముందే పిడి ఏ చేతివైపున నున్నదో చూడవలెను.

భుజములకు బలము చాలనివారికి బ్యాటరీ బండ్లు గలవు. పాత రకపు సీసము బ్యాటరీ చవుకే కాని మిక్కిలి బరువు, త్వరలో మార్చవలసివచ్చును. లిథియము బ్యాటరీ తేలిక, యెక్కువకాలము వచ్చును, వెలయు నెక్కువ. మద్రాసు ఐ.ఐ.టి.లో పుట్టిన నియోమోషన్ అను సంస్థ మనిషి కొలతల ప్రకారము చేయు కుర్చీని, దాని ముందు తగిలించినచో కుర్చీయే స్కూటరగు మోటారు భాగమును 2021లో ప్రజలకు చూపినది. ఆ మోటారు భాగము వెల 55,000 రూపాయలనియు, వేగము గంటకు 25 కిలోమీటర్లనియు నప్పుడు ప్రకటించిరి. ఇల్లు చేరగానే మోటారు విప్పి వాకిట నుంచి, అదే కుర్చీతో లోపలికి పోవచ్చును. మరియొకరు ఎత్తి దింపవలసిన పనిలేదు. స్త్రీలకీ సదుపాయమెంత విలువైనదో వేరుగ చెప్పనక్కరలేదు.

చేతులు బాగుగానున్నవారు గేర్లు లేని స్కూటరునకు వెనుక రెండువైపుల చక్రములు బిగింపించుకొని తోలుచున్నారు. 1988 మోటారు వాహనముల చట్టము వికలాంగుల వాహనమనగా ప్రత్యేకముగ వారికై నిర్మించినదే యని చెప్పెను. 2019 సవరణతో, మామూలు బండిని మార్చుకొన్నదియు నా తరగతిలో చేరినది. మార్పు చేయించిన పిదప రవాణా కార్యాలయమున చూపి రిజిస్ట్రేషనులో వ్రాయించుకొని, భీమా సంస్థకును తెలుపవలెను. లేనిచో ప్రమాదము జరిగిననాడు పరిహారమునకు చిక్కు వచ్చును. ఒక సంగతి గుర్తుంచుకొనవలెను: నాలుగు చక్రములపై నిలిచిన స్కూటరు మలుపులో ప్రక్కకు వాలదు. కాబట్టి మలుపులందు వేగము బాగుగా తగ్గింపవలెను.

"ఆడుది, అందును కాళ్లు లేనిది, స్కూటరు తోలునా?" యని భయపడు పెద్దలు గలరు. సూర్యుని రథసారథి యరుణునకు తొడలు లేవు. అనూరుడని యందుచేతనే యతనికి పేరు. ఏడు గుఱ్ఱముల పగ్గము లతని కప్పగించినప్పుడు మన పూర్వులకు రాని భయము మనకిప్పుడు వచ్చుచున్నది.

ధనము మాట. మొదట కావలసినది వైకల్య ధ్రువపత్రము. మన తెలుగునాట దీనిని సదరం పత్రమందురు. దేశమంతట చెల్లు యూడీఐడీ కార్డును గలదు. 2016 చట్టము ప్రకారము చాలవరకు సహాయములకు 40 శాతము వైకల్యము కనీసపు హద్దు. కేంద్రప్రభుత్వపు అడిప్ పథకము 1981 నుండి నడచుచున్నది. దానిక్రింద బండ్లు, కుర్చీలు చాలవరకు కాన్పూరులోని అలిమ్కో అను ప్రభుత్వ కర్మాగారమున తయారగును. అది 1972లో స్థాపింపబడినది. 2022 సవరణలో, నెలకు 22,500 రూపాయలవరకు నాదాయము గలవారికి పూర్తిగా నుచితముగను, 30,000 వరకు గలవారికి సగము వెలకును ఉపకరణము లిచ్చునట్లు నిర్ణయించిరి. బ్యాటరీ బండ్లు 16 ఏండ్లు నిండిన తీవ్రవైకల్యము గలవారికే. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రముల సంక్షేమ శాఖలు వేరుగ మోటారు బండ్ల కప్పుడప్పుడు దరఖాస్తులు పిలుచుచుండును. జిల్లా కార్యాలయమున మాటిమాటికి విచారింపనిదే యా గడువు తెలియదు. సొంతముగ కొనదలచినవారికి 1997లో నేర్పడిన జాతీయ వికలాంగుల ఆర్థికాభివృద్ధి సంస్థ తక్కువ వడ్డీకి ఋణముల నిప్పించుచున్నది.

శిబిరమునకు పోవునప్పుడు ఇంటి కొలతలు, మనిషి కొలతలు కాగితముపై వ్రాసికొని పొండు. సరిపోనిదానిని వద్దనుటకు సిగ్గుపడవలదు. ఒకసారి పుచ్చుకొన్నచో మరల నడుగుటకు కొన్నేండ్లు గడువవలెను. వాడిన బండి చవుకగా దొరకినచో కొనవచ్చును. చక్రము నెత్తి త్రిప్పి, ప్రక్కలకు ఊగుచున్నదేమో చూడుడు. బ్రేకు వేసి త్రోసి చూడుడు. బ్యాటరీ యెన్నాళ్ల క్రిందటిదో రసీదు చూపుమనుడు.

చివరకు మన గడప. ఒకడుగు ఎత్తునకు పండ్రెండడుగుల వాలు కావలెనని లెక్క. ఆరంగుళముల గడపకు ఆరడుగుల వాలుపలక. పసుపు పూసిన గడపను తీసివేయుటకు పెద్దలొప్పుకొనకున్న, తీసి పెట్టదగిన యినుపరేకు పలకను వెల్డింగు దుకాణమున చేయించవచ్చును. తలుపు 32 అంగుళములైనను తెరచుకొనవలెను. స్నానపుగది తలుపు తరచుగా రెండడుగులే యుండును, అక్కడనే చిక్కు వచ్చును. కుర్చీ వెనుకకు తిరుగుటకు అయిదడుగుల చోటు వలయును. బండి తెచ్చుటకు ముందొకనాడు వంటయింటిలో, స్నానపుగది ముందర, ముగ్గుపిండితో అయిదడుగుల వృత్తము గీసి చూడుడు. గాదె, బియ్యపు డబ్బా, గ్యాసుబండ, ఏది ప్రక్కకు జరుపవలెనో అప్పుడే తెలియును.