ఒంటికెంత? తూముకెంత?

బందరు, గుడివాడ, దివిసీమ వైపు ఎండాకాలం ఉక్కపోత, చెమటకాయలు మీకు తెలియనివి కావు. అందుకని విటమిన్ 'సి', నియాసినమైడ్ కలిపిన ఖరీదైన బాడీ వాష్ కొంటున్నారా? కాస్త ఆగండి! నిమిషంలో కడిగేస్తే అవి చర్మంలోకి ఇంకేదెప్పుడు? చాలామటుకు తూములోకే పోతాయి.

అలాగని అన్నీ వృథా కాదు సుమండీ. మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, శోభి మచ్చలకు కీటోకొనజోల్ షాంపూ కడిగేసినా పనిచేస్తాయి. అయితే డాక్టరునడిగి, రాసుకుని ఐదు నిమిషాలు ఉంచాలి. నలుగు పెట్టినా ఆరేదాకా ఆగుతాం కదా! బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే రంగు తువ్వాలు వెలిసిపోతుంది, తెల్లదే వాడండి.

చెమటకాయలకు చన్నీళ్ళ స్నానం, పల్చటి నూలు బట్ట, గాలి చాలు. చర్మం పొడిబారితే స్నానమయ్యాక తడి ఆరకముందే మాయిశ్చరైజర్ రాసుకోండి. డబ్బు పెట్టేదేదో ఒంటిమీద నిలిచేదానికి పెట్టండి.