గన్ను పెట్టినా కరెంటెక్కకపోతే తప్పెవలిది?

పోయిన మే నెలల ఒక పెద్దమనిషిని హైదరాబాద్ దవాఖానల చూపిచ్చి జనగామకు తీసుకొస్తున్న. భువనగిరి కాడికి వచ్చేసరికి బ్యాటరీ 18 శాతానికి పడ్డది. ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్ల ఆపి గన్ను పెట్టిన. మూడు నిమిషాలు ఎక్కింది, టక్కున ఆగింది. తీసి మళ్ల పెట్టినా గదే కథ. ఆఖరికి పెద్దమనిషిని ఇంకో కారు మాట్లాడి పంపిచ్చిన. కిరాయి పోయింది, ఇచ్చిన మాట పోయింది.

స్టేషన్ నంబర్‌కు ఫోన్ కొడితే ‘మా మిషన్ మంచిగనే ఉంది, మీ కారులనే ఏదో ఉంది’ అన్నరు. కారు కంపెనీకి కొడితే ‘అది చార్జర్ ప్రాబ్లం సార్, వేరే స్టేషన్‌కు పోండి’ అన్నరు. 18 శాతంతోని యాడికి పోవాలె? కారు అప్పు మీద తెచ్చిన. కారు ఆగినా కిస్తీ ఆగదు కదా.

ఈ ఇద్దరి నడుమ నలిగినంకనే అసలు సంగతి నేర్చుకున్న. మన ఊర్లల్ల చానమంది పోరగాళ్లు ఎలక్ట్రిక్ కారు కొని కిరాయికి తిప్పుదామని చూస్తున్నరు. వాళ్లకు అక్కరకొస్తదని రాస్తున్న.

ఇంట్ల ప్లగ్గుకు పెట్టినప్పుడు వచ్చేది ఏసీ కరెంటు. దాన్ని బ్యాటరీకి పనికొచ్చే డీసీగ మార్చే పెట్టె కారులనే ఉంటది. 3.3 కిలోవాట్ల లెక్కన 30 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే తొమ్మిది, పది గంటలు పడ్తది. ఫాస్ట్ చార్జర్ల ఆ మార్చే పని మిషన్‌లనే అయితది. డీసీ కరెంటు సీదా బ్యాటరీకే పోతది. అందుకే ఇంటి కాడ మంచిగ ఎక్కే కారు రోడ్డు మీద మొండికేయొచ్చు. రెండు తొవ్వలు వేరు.

ఇంకో ముచ్చట. గన్ను పెట్టంగనే కరెంటు రాదు. ముందుగాల కారు, మిషన్ మాట్లాడుకుంటయి. ఎంత వోల్టేజీ కావాలె, ఎంత కరెంటు తట్టుకుంటనో కారే చెప్తది. గన్ను లాక్ అయిందా, ఎర్తింగ్ ఉన్నదా, కరెంటు యాడన్న లీకైతున్నదా అని చూసుకున్నంకనే అసలు కరెంటు మొదలైతది. నడుమల వేడి ఎక్కువైనా, మాట తెగినా ఆగిపోతది. అది మన పానం కాపాడే ఏర్పాటే. కానీ ఏ కారణంతోని ఆగిందో మనకు చెప్పకపోవుడే బాధ.

నెమ్మదిగ ఎక్కుతున్నదంటే ప్రతిసారి ఖరాబైనట్టు కాదు. 80 శాతం దాటినంక కారే వేగం తగ్గిస్తది. మన ఎండకు బ్యాటరీ కాగినా తగ్గిస్తది. కొన్ని మిషన్ల పక్క గన్నుకు ఇంకో కారు పెడితే కరెంటు ఇద్దరికి పంచుతది. గియ్యి లెక్కల నుంచి తీసేసినంకనే పంచాదికి పోవాలె.

తప్పెవలిదో తేల్చనీకి నేను జేసింది సులువైన పని. మూడు వేరే వేరే కంపెనీల చార్జర్ల కాడ పెట్టి చూసిన. మూడింట్ల ఆగింది. నా తర్వాత అవే గన్నులకు వేరే కార్లు పెడితే మంచిగ ఎక్కింది. ప్రతిసారి తారీఖు, టైము, ఎంత శాతం కాడ ఆగింది, స్క్రీన్ మీద ఏమొచ్చింది, అన్ని ఫోన్‌ల వీడియో తీసి పెట్టుకున్న. ఒక్క స్టేషన్లనే ఆగితే మిషన్‌ను అనుమానించాలె. అన్ని కాడ ఆగితే కారునే అడగాలె. పోర్టుల స్క్రూడ్రైవర్ పెట్టుడు, తడిబట్టతోని తుడుసుడు మాత్రం చెయ్యకుండ్రి.

సర్వీస్ సెంటర్ల మొదటిసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి ‘ప్రాబ్లం ఏం లేదు’ అని పంపిన్రు. రెండోసారి నోటిమాట బంద్ చేసిన. జాబ్ కార్డు మీద ‘మూడు స్టేషన్లల్ల డీసీ చార్జింగ్ ఆగింది’ అని నా మాటలల్లనే రాయించిన, ఎర్రర్ కోడ్‌ల కాగితం అడిగిన, వీడియోలు జోడిచ్చి కంపెనీకి మెయిల్ కొట్టిన. అప్పుడు దొరికింది: చార్జింగ్ పోర్టుల వేడి చూసే సెన్సర్ తప్పు లెక్క చెప్తున్నది. వారంటీల మార్చిన్రు. గింత దానికి 41 దినాలు పట్టింది.

ఇంకా మాట వినకపోతే 1915కు ఫోన్ చెయ్యొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగుల మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 50 లక్షల దాకా విలువున్న కేసులు అక్కడనే. 10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు 400 రూపాయలే. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలనే కేసు వెయ్యొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి ఉరకాల్సిన పని లేదు. వకీలు లేకున్నా మనమే మాట్లాడుకోవచ్చు. రెండేండ్లు దాటనియ్యొద్దు, గంతే.

‘టాక్సీ కదా, మీరు వినియోగదారుడే కాదు’ అని ఎవలన్న బెదిరిస్తరు. బతుకుదెరువు కోసం సొంతంగ కొని సొంతంగ తోలుకునేటోడు వినియోగదారుడేనని చట్టంలనే రాసి ఉంది. వారంటీ కాగితంల మాత్రం టాక్సీకి వేరే షరతులు ఉండొచ్చు, కొనేముందే చదువుకోండ్రి.

మన రాష్ట్రంల 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్ మాఫీ ఇచ్చిన్రు. మంచిదే. కానీ బండి కొనిపిచ్చుడు ఒక్కటే సాలదు. ‘గంటల 80 శాతం’ అని షోరూంల బోర్డు పెట్టి అమ్మినోడు, అది ఎక్కనినాడు ‘చార్జర్ను అడుగు’ అంటే ఎట్ల? ఎందుకు ఆగిందో డ్రైవర్‌కు అర్థమయ్యే తెలుగుల స్క్రీన్ మీద చూపాలె. బాగుచేసేదాకా తిప్పుకోనీకి ఇంకో బండి ఇయ్యాలె. గీ రెండు మాటలు రాసిస్తరా అని కొనే దినమే షోరూంల అడగుండ్రి. పైసలు కట్టకముందే మన మాటకు విలువ.