ముంపును తట్టుకునే వరి: కారణ జన్యువు కోసం గణాంక శోధన

కృష్ణా పశ్చిమ డెల్టా శివారు ఆయకట్టులోని పిట్టలవానిపాలెం, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో తుఫాను వానలకు మురుగు కాలువలు పొంగినప్పుడు ఊడ్చిన వరి చేలు రోజుల తరబడి నీట మునుగుతాయి. ఆ ముంపును ఏ మొక్క ఎంతవరకు తట్టుకుంటుందన్నది, గింజ బరువు, దిగుబడుల మాదిరిగానే, కొలతలో హెచ్చుతగ్గులుగా కనిపించే పరిమాణాత్మక లక్షణం. ఇటువంటి లక్షణాల వెనుక సాధారణంగా అనేక జన్యువులు, వాటితోపాటు నేల, నీరు, ఎరువు కలిసి పనిచేస్తాయి కనుక, ఏ తేడాకు ఏ జన్యువు కారణమో తేల్చడానికి గణాంకశాస్త్రం తోడు కావాలి.

అందుకు ముంపును తట్టుకునే రకాన్ని తట్టుకోలేని రకంతో సంకరం చేసి, సంతతిలోని ప్రతి మొక్క ఓర్పును కొలుస్తారు. తల్లిదండ్రుల డీఎన్ఏలో తేడా ఉన్న చోట్లను మార్కర్లు అంటారు. ఒక్కొక్క మార్కర్ వద్ద మొక్కలను అవి ఎవరి పోలిక పొందాయో చూసి రెండు గుంపులు చేసి, ఆ గుంపుల సగటు ఓర్పును పోల్చితే, తేడా గణనీయంగా ఉన్నచోట కారణ జన్యువు దాపున ఉండవచ్చునని భావిస్తారు. 1989లో శాస్త్రవేత్తలు ల్యాండర్, బాట్‌స్టీన్ రెండు మార్కర్ల నడుమ ఉన్న జన్యువును కూడా అంచనా వేసే పద్ధతిని చూపారు. ఇందులో వాడే లాడ్ స్కోరు 3 అయితే, అక్కడ జన్యువు లేదనుకోవడం కంటే ఉందనుకుంటేనే ఆ కొలతలు రావడానికి వెయ్యి రెట్లు ఎక్కువ అవకాశం ఉందని అర్థం.

అయితే వందల చోట్ల పరీక్షించినప్పుడు ఎక్కడో ఒకచోట కాకతాళీయంగానే పెద్ద తేడా కనిపించడం సహజం. ఈ మోసాన్ని పట్టడానికి, కొలతలను మొక్కల మధ్య ఏ క్రమమూ లేకుండా తారుమారు చేసి, లెక్కను వందల సార్లు తిరిగి చేసి, యాదృచ్ఛికంగా ఎంత పెద్ద స్కోరు రాగలదో ముందే తెలుసుకుంటారు. అసలు ఫలితం దానిని దాటితేనే నమ్ముతారు.

1996లో శాస్త్రవేత్తలు షు, మెకిల్ ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్13ఎ వరి నుంచి వచ్చిన ఓర్పులో దాదాపు 70 శాతం వ్యత్యాసానికి తొమ్మిదవ క్రోమోజోములోని ఒక ప్రాంతం కారణమని గుర్తించి, దానిని సబ్1 అన్నారు. కానీ ప్రాంతం దొరకడం వేరు, కారణం దొరకడం వేరు: పక్కపక్కన ఉన్న జన్యువులు కలిసే సంక్రమిస్తాయి కాబట్టి, గణాంకాలు వాటిలో దోషిని ఒంటరిగా చూపలేవు. పదేళ్ల తరువాత, 2006లో, అక్కడి మూడు పొరుగు జన్యువులలో సబ్1ఎ కారణమని తేలింది. దానిని ముంపు తట్టుకోలేని రకంలో చొప్పించినప్పుడు ఆ మొక్క ఓర్పు పెరగడమే నిర్ణాయక సాక్ష్యం. నీటిలో మొక్క ఎత్తుకు సాగిపోకుండా ఆపి చక్కెరలను పొదుపు చేయించడం, నీరు తీశాక తిరిగి చిగురించేలా చేయడం ఈ జన్యువు పని. మార్టేరులో రూపొందిన స్వర్ణకు దీనిని చేర్చిన రకం 2009లో భారత్‌లో విడుదలైంది. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరికి కూడా సబ్1ను జోడించారు.

సబ్1 వంటి ఒక్క పెద్ద కారణం దొరకడం అరుదు. దిగుబడి విషయంలో చిన్న చిన్న ప్రభావాలు అనేకం ఉంటాయి కనుక, వాటిని వేరు చేయడానికి ఎక్కువ మొక్కలు, ఎక్కువ చేలు, ఎక్కువ సీజన్ల కొలతలు అవసరమవుతాయి.