రేడియేషన్ భయమా? ముందు రికార్డు అడగండి!

మీది మోమిన్‌పేట్ కావచ్చు, మర్పల్లి కావచ్చు, వికారాబాద్ పట్టణం కావచ్చు. దామగుండం అడవిలో నేవీ కేంద్రం వస్తోందన్నప్పటి నుంచి ‘ఆ కిరణాలకు క్యాన్సర్లు వస్తాయట, గర్భాలు నిలవవట’ అన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. కొందరైతే ఏకంగా అణుబాంబు దాకా వెళ్తారు. ఇంకొందరు ‘సెల్‌టవర్ లాంటిదే, ఏమీ కాదు పో’ అని తేల్చేస్తారు. ఇద్దరిదీ తొందరే. ఈ రెంటి మధ్య ఒక కుటుంబంగా మీరు అడగాల్సింది, దాచుకోవాల్సింది కొంత ఉంది. అదేమిటో అర్థం కావాలంటే 70 ఏళ్ల కిందట అణుపరీక్షల దగ్గర నిలబడిన సైనికుల దాకా వెళ్లి రావాలి. ముందుగా మన దామగుండం సంగతి చూద్దాం.

అసలు అది రాడారే కాదు

పూడూరు మండలంలో సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిలో వస్తున్న ఈ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. ఊళ్లో అంతా ‘రాడార్ స్టేషన్’ అంటున్నా, ఇది రాడార్ కాదు. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపే వీఎల్ఎఫ్, అంటే ‘వెరీ లో ఫ్రీక్వెన్సీ’ ప్రసార కేంద్రం. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలోకి చొరబడలేవు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఈ పొడవాటి తరంగాలు మాత్రం కొన్ని పదుల మీటర్ల లోతుకు వెళ్తాయి. తమిళనాడులోని తిరునల్వేలి దగ్గర ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే ఇలాంటి కేంద్రం 1990 నుంచి నడుస్తోంది. మనది రెండోది. అడవి, చెట్లు, అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ గురించిన ఆందోళన వేరే చర్చ. ఇక్కడ ఆరోగ్యం వరకే మాట్లాడుకుందాం.

రేడియేషన్ అన్న మాట ఒకటే కానీ, దాని కింద రెండు వేర్వేరు సంగతులున్నాయి. అణుబాంబు, ఎక్స్‌రే, సీటీ స్కాన్‌ల నుంచి వచ్చేది అయనీకరణ రేడియేషన్. అది కణంలోని డీఎన్ఏను తెంపగలదు. వీఎల్ఎఫ్ తరంగాలకు ఆ శక్తి లేదు. గోడ మీదికి ఇసుక రేణువులు ఎన్ని విసిరినా గోడకు రంధ్రం పడదు. గునపమైతే ఒక్క పోటు చాలు. తేడా అలాంటిది. కాబట్టి దామగుండాన్ని అణుబాంబుతో పోల్చడం శాస్త్రపరంగా తప్పు.

అలాగని ఏమీ ఉండదనీ కాదు. ఈ తరంగాలు బాగా బలంగా ఉన్నచోట ఒంట్లో సన్నని కరెంటు పుట్టి నరాలను, కండరాలను ప్రేరేపించవచ్చు. పెద్ద పెద్ద లోహపు వస్తువులు, అంటే ఇనుప కంచె, రేకుల షెడ్డు, ట్రాక్టరు లాంటివి ముట్టుకున్నప్పుడు షాక్ కొట్టవచ్చు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ప్రసార యాంటెన్నాలకు దగ్గరగా వెళ్లకూడదు. అందుకే ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంస్థ 2010 మార్గదర్శకాల్లో, ఈ తరంగాల విషయంలో సామాన్య జనానికి మీటరుకు 83 వోల్టులు దాటకూడదని పరిమితి పెట్టింది. దూరం పెరిగేకొద్దీ తీవ్రత పడిపోతుంది. క్యాన్సర్ వస్తుందని రుజువు లేదు. అయితే ఈ శ్రేణి మీద జరిగిన పరిశోధనలే తక్కువ. క్యాన్సర్ పరిశోధన అంతర్జాతీయ సంస్థ 2002లో కరెంటు తీగల దగ్గరుండే అయస్కాంత క్షేత్రాలను, 2011లో 30 కిలోహెర్ట్జ్‌కు పైనున్న రేడియో తరంగాలను ‘అవకాశం ఉండొచ్చు’ అనే జాబితాలో చేర్చింది. మన వీఎల్ఎఫ్ సరిగ్గా ఆ రెంటి మధ్యన పడుతుంది. అందుకే కొలతలు అవసరం.

బాంబుకు వీపు తిప్పి కూర్చున్నవారు

ఇప్పుడు ఆ సైనికుల దగ్గరికి వద్దాం. 1952 అక్టోబరు 3న ఆస్ట్రేలియా పడమటి తీరంలోని మాంటెబెల్లో దీవుల దగ్గర బ్రిటన్ తన మొదటి అణుబాంబును పేల్చింది. ఆ తర్వాత ఆస్ట్రేలియా ఎడారిలో, 1957-58లో పసిఫిక్‌లోని మాల్డెన్, క్రిస్మస్ దీవుల దగ్గర మరిన్ని పేల్చింది. సుమారు 22,000 మంది బ్రిటిష్ సిబ్బంది ఈ పరీక్షల్లో పాల్గొన్నారు. వారితోపాటు, మన తెలుగువాళ్లూ గిర్మిట్ కూలీలుగా వెళ్లి స్థిరపడిన ఫిజీ నుంచి దాదాపు 300 మంది సైనికులు, నావికులు వెళ్లారు. పేలుడుకు వీపు తిప్పి, అరచేతులతో కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. మూసిన కళ్లకే తమ చేతి ఎముకలు కనిపించాయని వారిలో చాలామంది తర్వాత చెప్పారు.

ఇంటికి తిరిగొచ్చాక కొందరికి రక్త క్యాన్సర్లు, ఇతర జబ్బులు వచ్చాయి. పిల్లల్లో లోపాలు కనిపించాయని కొన్ని కుటుంబాలు వాపోయాయి. ప్రభుత్వం చేయించిన అధ్యయనాలు మొత్తంగా మరణాల్లో పెద్ద తేడా లేదన్నాయి, లుకేమియా విషయంలో మాత్రం కొంత పెరుగుదల సూచనలున్నాయన్నాయి. మరి ఫలానా సైనికుడి జబ్బు బాంబు వల్లే వచ్చిందా? అక్కడే కథ చిక్కుపడింది. ఒంటి మీద పడిన రేడియేషన్‌ను కొలిచే ఫిల్మ్ బ్యాడ్జి చాలామందికి ఇవ్వనే లేదు. కొలత లేదు కాబట్టి రుజువు లేదు. 2012 మార్చిలో బ్రిటన్ సుప్రీంకోర్టు నలుగురు-ముగ్గురు న్యాయమూర్తుల తేడాతో వారి దావాలను కొట్టేసింది. గడువు దాటిపోయిందన్నది ప్రధాన కారణం. జబ్బుకూ పరీక్షకూ సంబంధం చూపే ఆధారం లేదన్నది వెన్నాడిన మరో సమస్య. ఫిజీ ప్రభుత్వం ఇక బ్రిటన్ కోసం ఎదురుచూడకుండా 2015లో తానే, అప్పటికి బతికున్న 24 మందికి తలా 9,855 ఫిజీ డాలర్లు ఇచ్చింది. బ్రిటన్‌లో పతకం ఇస్తామన్న ప్రకటన రావడానికే 2022 నవంబరు దాకా పట్టింది. మొదటి పేలుడుకు అప్పటికి 70 ఏళ్లు నిండాయి.

అమెరికా మరో దారి పట్టింది. 1990లో చేసిన రేడియేషన్ పరిహార చట్టంలో ‘బాంబు వల్లే జబ్బు వచ్చిందని నిరూపించు’ అనే షరతు పెట్టలేదు. ఫలానా కాలంలో ఫలానా చోట ఉన్నట్టు కాగితం, జాబితాలోని క్యాన్సర్ వచ్చినట్టు డాక్టరు రికార్డు చూపితే చాలు. మన దగ్గరా ఇలాంటి ఆలోచన ఉంది. సైనికుల వైకల్య పింఛను విషయంలో 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తీరులో చెప్పింది. ఉద్యోగంలో చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే, అది సర్వీసులోనే వచ్చిందన్న భావన సైనికుడికే అనుకూలంగా ఉంటుందని, కాదని చూపే బాధ్యత ప్రభుత్వానిదని. చూశారా, అన్నిచోట్లా తీర్పు ఆధారపడింది ‘మొదట్లో ఏం రాశారు’ అన్నదాని మీదే.

ఆ సైనికులకు దొరకని బ్యాడ్జిని మీరు చూసే ఉంటారు. ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ చొక్కాకు చిన్న ప్లాస్టిక్ బిళ్ల వేలాడుతుంది. దాన్ని టీఎల్‌డీ బ్యాడ్జి అంటారు. ఎంత రేడియేషన్ పడిందో ల్యాబ్‌లో లెక్కగట్టి ఆ వ్యక్తి పేరు మీద రాసి ఉంచుతారు.

ఓటు ఒక్కటే చూస్తే సరిపోదు

‘మన ప్రతినిధి ఈ విషయంలో ఎటు ఓటేశారు?’ అని అడగడం మంచి అలవాటే. కానీ ఓటు చిట్టా చదవడం అంత తేలిక కాదు. అమెరికానే చూడండి. మిస్సోరి సెనేటర్ జోష్ హాలీ ముందుండి నడిపించగా, 2024 మార్చిలో పరిహార చట్టం విస్తరణకు సెనేట్ 69-30 ఓట్లతో సరేనంది. ప్రతినిధుల సభ దాన్ని ఓటింగుకే తేలేదు. ఆ జూన్‌లో చట్టం గడువు ముగిసింది. అడ్డుకున్నవాళ్ల పేర్లు ఏ చిట్టాలోనూ ఉండవు, ఎందుకంటే ఓటింగే జరగలేదు. 2025 జులైలో అదే విస్తరణను ఒక పెద్ద పన్నుల బిల్లులో కలిపి నెగ్గించారు. ఏడాది ముందు సైనికుల పరిహారానికి మద్దతిచ్చిన డెమోక్రాట్లు, మిగతా అంశాలు నచ్చక ఆ పెద్ద బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశారు. చిట్టా మాత్రమే చూస్తే వారంతా సైనికులకు వ్యతిరేకులనిపిస్తుంది!

మన దేశంలో ఓటు చిట్టా ఇంకా పలచన. చాలా బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి. ఎవరు ‘అవును’ అన్నారో, ఎవరు ‘కాదు’ అన్నారో పేర్లు నమోదు కావు. విప్ ఉంటే పార్టీ చెప్పినట్టే వేయాలి. అందుకే మన దగ్గర ప్రతినిధిని కొలవడానికి ఓటుకన్నా నమ్మకమైన గీటురాయి ఆయన అడిగిన ప్రశ్నలు. లోక్‌సభలో అడిగిన ప్రతి ప్రశ్న, మంత్రి ఇచ్చిన జవాబు తేదీతో సహా పార్లమెంటు వెబ్‌సైట్లో ఉంటాయి. నక్షత్రం గుర్తు ప్రశ్నకు మంత్రి సభలోనే నోటితో జవాబివ్వాలి. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా వస్తుంది. మీలాంటి కుటుంబానికి ఉపయోగపడేది నిజానికి ఈ రెండోదే, అంకెలు అందులోనే దొరుకుతాయి.

మోమిన్‌పేట్ వారికి ఇక్కడో మెలిక ఉంది. మీ నియోజకవర్గం వికారాబాద్. మీ ఎమ్మెల్యే గడ్డం ప్రసాద్ కుమార్ శాసనసభ స్పీకర్. స్పీకర్ సభలో ప్రశ్నలు వేయరు, ఓట్లు సమానమైతే తప్ప ఓటూ వేయరు. వినతిపత్రం ఇవ్వడానికి మాత్రం అడ్డేమీ లేదు. దామగుండం ఉన్న పూడూరు మండలం పరిగి నియోజకవర్గంలోది, అక్కడి ఎమ్మెల్యే టి.రామ్మోహన్ రెడ్డి సభలో అడగగలరు. రెండింటికీ ఎంపీ చేవెళ్ల సభ్యుడు కొండా విశ్వేశ్వర్ రెడ్డి. రక్షణ కేంద్రం చేతిలో ఉంది కాబట్టి తరంగాల కొలతల ప్రశ్న లోక్‌సభకు, ప్రజారోగ్యం రాష్ట్రానిది కాబట్టి సర్వే ప్రశ్న అసెంబ్లీకి వెళ్లాలి. రేడియేషన్ మాట అసెంబ్లీకి కొత్తేమీ కాదు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరు 16న ఏకగ్రీవంగా తీర్మానం చేసిన సభే అది.

ఏం అడగాలి? నేవీ రహస్యాలు మనకెందుకు? కేంద్రం పని మొదలుపెట్టకముందు, పెట్టిన తర్వాత కంచె దగ్గర, దగ్గరి ఊళ్లలో తరంగాల తీవ్రత ఎంతో కొలుస్తారా? ఎవరు కొలుస్తారు, అంకెలు ఎక్కడ పెడతారు? చుట్టుపక్కల ఊళ్లలో క్యాన్సర్, గర్భస్రావాలు, పుట్టుకతో వచ్చే లోపాలు ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ప్రసారాలు మొదలయ్యేలోపే సర్వే చేయిస్తారా? పేస్‌మేకర్ ఉన్నవారికి హెచ్చరిక బోర్డులు పెడతారా? ఇవన్నీ ఇప్పుడే అడగాలి. ఒకసారి స్విచ్ వేశాక ‘ముందు’ ఎలా ఉండేదో ఎవరూ కొలవలేరు. పదేళ్ల తర్వాత ఎవరింట్లోనైనా క్యాన్సర్ వస్తే, అది కేంద్రం వల్లేనని ఊరు, కాదని ప్రభుత్వం వాదించుకుంటూనే ఉంటాయి.

ఇంట్లో ఒక ఫైలు

సర్కారు చేసేదాకా ఆగక్కర్లేదు. ఇంటిల్లిపాదికీ ఒక్కో ఫైలు పెట్టండి. డిశ్చార్జి కాగితాలు, రక్త పరీక్షలు, థైరాయిడ్ రిపోర్టులు, గర్భిణిగా ఉన్నప్పటి కార్డు, నిలవని గర్భాల వివరాలు కూడా తేదీ వేసి ఉంచండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఎక్కడున్నారో, ఏం పని చేశారో ఒక పేజీలో రాయండి. ఈసీజీ లాంటివి థర్మల్ కాగితం మీద వస్తాయి, కొన్నేళ్లకు అక్షరాలు మాసిపోతాయి. ఇంటికి రాగానే జిరాక్సు తీయించాలి. వీలైతే ఆభా నంబరు తీసుకుని అందులోనూ చేర్చుకోండి.

ఒక తమాషా ఏమిటంటే, దామగుండం కిరణాలంటే హడలిపోయేవారే ‘ఎందుకైనా మంచిది, ఓ సీటీ స్కాన్ రాయండి’ అని డాక్టరును బతిమాలుతుంటారు. డీఎన్ఏను తాకే రేడియేషన్ అదే. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. ఛాతీ ఎక్స్‌రేతో అందేది 0.1 లోపే. కడుపు సీటీకి సుమారు 8 నుంచి 10. డాక్టరు అవసరమంటే భయపడకుండా తీయించుకోండి. కానీ తీసిన తేదీ, ఫిల్ము దాచుకుంటే, ఇంకో ఆస్పత్రిలో మళ్లీ తీయించే అవసరం చాలాసార్లు తప్పుతుంది.

తాండూరు వైపు నాపరాళ్ల గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో, సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు మీ ఇంట్లో ఉంటే ఈ ఫైలు ఇంకా ముఖ్యం. వారికి కనిపించని తరంగాలకన్నా కనిపించే దుమ్ముతోనే ముప్పు ఎక్కువ. ప్రమాదకరమైన పనుల్లో ఉన్న కార్మికుల ఆరోగ్య రికార్డులు యాజమాన్యం ఉంచాలని, వాటిని చూసే హక్కు కార్మికుడికి ఉందని భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి రాశారు. పనిలో చేరినప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రే, హాజరు చిట్టీలు, జీతం స్లిప్పులు పారేయకుండా అదే ఫైల్లో పెట్టమనండి.