రక్తంలో లాక్టిక్ ఆమ్లం – పరీక్ష ఏమి తెలుపుతుంది?

తీవ్రమైన జ్వరంతోనో, ఆయాసంతోనో ఆసుపత్రిలో చేర్చిన పెద్దవారి పరీక్షల కాగితంలో ‘లాక్టేట్ హెచ్చు’ అని కనిపించగానే ఇంట్లో చాలామందికి పెరుగు గుర్తుకు వస్తుంది. పులుపు మాన్పించాలనీ, వంటసోడా కలిపిన నీరు త్రాగిస్తే ఆమ్లం విరుగుతుందనీ తలచేవారూ ఉన్నారు. ఈ రెండూ పొరపాటే. భోజనంలోని పులుపునకు, ఈ పరీక్షలోని అంకెకు సంబంధం లేదు.

ఈ ఆమ్లం ఎక్కడిది?

1780లో స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు షీలే పులిసిన పాలలో ఈ ఆమ్లాన్ని కనుగొన్నాడు. పేరు పాలను బట్టి వచ్చినదే. అయినా మన దేహంలోనూ ఇది నిత్యం తయారవుతూనే ఉంటుంది. కణాలు గ్లూకోజును ప్రాణవాయువు సాయంతో దహించి శక్తిని పొందుతాయి. ప్రాణవాయువు చాలనప్పుడు ఆ దహనం సగంలో నిలిచి, లాక్టిక్ ఆమ్లం అధికంగా ఏర్పడుతుంది. దానిని తిరిగి గ్లూకోజుగా మార్చే పని ప్రధానంగా కాలేయానిది. కనుక ఉత్పత్తి పెరిగినా, కాలేయం బలహీనపడినా రక్తంలో దాని మోతాదు హెచ్చుతుంది.

అంకెను చదవడం ఎలా?

విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతులలో ఇది లీటరుకు సుమారు 0.5 నుండి 2 మిల్లీమోల్స్ ఉంటుంది. కొన్ని ప్రయోగశాలలు డెసిలీటరుకు మిల్లీగ్రాములలో ఇస్తాయి. ఒక మిల్లీమోల్ అక్కడ 9 మిల్లీగ్రాములకు సమానం. కాబట్టి ‘18’ అని చూచి బెదరిపోక, ముందు కొలమానాన్ని గమనించాలి. అది 2 మిల్లీమోల్స్‌కు సమానమే. తీవ్ర రోగిలో 4 మిల్లీమోల్స్ దాటితే అపాయ సూచన. రక్తంలో క్రిమిదోషం, గుండె దౌర్బల్యం, అధిక రక్తస్రావం వంటివి ఇందుకు ముఖ్య కారణాలు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నప్పుడు అరుదుగా ఇలా జరుగవచ్చు. అంతమాత్రాన ఆ మందును సొంతంగా మానరాదు. వైద్యునికి తెలుపవలెను.

కొన్ని గంటల తరువాత మరల పరీక్షించినప్పుడు అంకె తగ్గుతున్నదంటే చికిత్స పనిచేస్తున్నదని ఆశించవచ్చు.

రక్తం ఇచ్చేటప్పుడు

పరీక్షకు ముందు శ్రమ పడరాదు. పిడికిలి పదేపదే బిగించినా, చేతికి పట్టీ ఎక్కువసేపు కట్టి ఉంచినా అంకె లేనిపోని విధంగా పెరగవచ్చు. తీసిన రక్తాన్ని వెంటనే పరీక్షకు పంపాలి. ఆలస్యమైతే గొట్టంలోని రక్తకణాలే మరికొంత ఆమ్లాన్ని తయారుచేస్తాయి.

గృహవైద్యానికి హద్దు

బాగా పరుగెత్తినప్పుడు పెరిగే లాక్టిక్ ఆమ్లం సుమారు గంటలో తనంతట తానే తగ్గుతుంది. మరునాటి ఒళ్ళునొప్పులకు అది కారణం కాదు. కండరాలలోని సూక్ష్మమైన గాయాలే కారణం. వాటికి నువ్వులనూనె మర్దన, వేడినీటి స్నానం హాయినిస్తాయి.

కాని రోగి వేగంగా ఊపిరి తీస్తూ, చేతులు కాళ్ళు చల్లబడి, మూత్రం తగ్గి, మగతగా ఉంటే కషాయాలతో కాలయాపన చేయరాదు. అక్కడ చికిత్స చేయవలసింది ఆమ్లానికి కాదు, దానిని పెంచిన మూలకారణానికి. అది ఆసుపత్రిలోనే సాధ్యం. కోలుకున్న పిమ్మట వైద్యుడు వద్దనకుంటే పెరుగన్నం నిశ్చింతగా పెట్టవచ్చు.