అందరూ తిన్నాక... అమ్మ కంచంలో ఏముంది?

మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నానికే నీరసం. ‘వయసు మీద పడుతోందిలే’ అని సరిపెట్టుకునే అమ్మను ఒక్కసారి అడగండి... పొద్దుటి నుంచీ ఏం తిన్నావని!

ఆదివారం. వంటింట్లోంచి గోంగూర పప్పు ఘుమఘుమలు. పిల్లలకు పెట్టి, ఆయనకు వడ్డించి, అత్తగారికి మెత్తగా కలిపిచ్చి... అమ్మ కంచం ముందు కూర్చునేసరికి రెండున్నర. అప్పటికి పప్పు గిన్నె ఖాళీ. ఉన్న అన్నంలోకి కాస్త ఆవకాయ, చివర్లో మజ్జిగ. చేయి కడుక్కోగానే స్టవ్ మీద టీ!

చాలా ఇళ్లలో ఇదే వరస. దాని ఫలితం 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కనిపిస్తుంది. 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఆ సర్వే తేల్చింది. పదిమందిలో దాదాపు ఆరుగురన్నమాట.

కారణాలు చాలానే ఉన్నా, ముఖ్యమైంది ఇనుము లోటు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడవాళ్లకు 29. ఎక్కువ కావాల్సిన మనిషికే మన ఇళ్లలో తక్కువ మిగులుతోంది! అందుకే పప్పు దించగానే అమ్మ వాటా వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టేస్తే సరి. ఆ పని పిల్లలకు అప్పజెప్పినా బాగానే చేస్తారు.

తోటకూర, మునగాకు, గోంగూర, శనగలు, నువ్వులు... ఇనుముకు లోటేం లేదు. కాకపోతే మాంసంలోని ఇనుము పట్టినంత తేలిగ్గా మొక్కల్లోది ఒంటికి పట్టదు. దానికి సి విటమిన్ తోడు కావాలి. పప్పు దించాక నిమ్మకాయ పిండుకోవడం, భోజనంతోపాటు ఓ జామకాయో ఉసిరికాయో తినడం అందుకే మంచిది. ఉడికేటప్పుడే నిమ్మరసం పోస్తే ఆ విటమిన్ చాలావరకూ వేడికి పోతుంది.

ఇక శత్రువు సంగతి. టీ, కాఫీల్లోని టానిన్లు ఇనుమును పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత వాటి జోలికి వెళ్లొద్దన్నది పోషకాహార సంస్థ సలహా. ఈ వాక్యం రాస్తున్న నా టేబుల్ మీద టీ కప్పుంది. అన్నం తిని పది నిమిషాలు కూడా కాలేదు!

అసలు కంచం ఎలా ఉండాలి? రోజుకు రెండువేల కేలరీలు అవసరమైనవారికి ఆ సంస్థ 2024లో చెప్పిన లెక్కలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, ధాన్యాలు 250, పప్పులు 85. మనం చేసేది సరిగ్గా తిరగేసి... కొండంత అన్నం, గోరంత కూర. బియ్యంలో కొంత తగ్గించి ఓ పూట సజ్జ రొట్టె తిన్నా తేడా ఉంటుంది. వంద గ్రాముల సజ్జల్లో ఆరు మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉంటే, పాలిష్ బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. పెసలు మొలకెత్తించినా, ఇడ్లీ పిండి రాత్రంతా పులియబెట్టినా ఇనుము ఇంకాస్త బాగా ఒంటికి పడుతుంది. ఇనప మూకుట్లో టొమాటోలాంటి పుల్లటి కూర వండితే కొంత ఇనుము అందులోంచీ దిగుతుంది. అయితే వండాక వేరే గిన్నెలోకి తీసేయాలి.

ఆకుకూరల్ని కడిగాకే తరగండి. తరిగి కడిగితే కొన్ని విటమిన్లు నీళ్లపాలు.

శాకాహారులు ఇంకోటి గుర్తుంచుకోవాలి. బి12 లోపించినా రక్తహీనత వస్తుంది. అది ఆకుల్లో, గింజల్లో దొరకదు. పాలు, పెరుగు తినేవాళ్లకు కొంత అందుతుంది. అవీ మానేసినవాళ్లు డాక్టర్‌ని అడిగి మాత్రలు వాడాల్సిందే.

అలాగని తోటకూరనే నమ్ముకుని కూర్చోవద్దు. గర్భిణి కాని మహిళలో హిమోగ్లోబిన్ 12 కన్నా, గర్భిణిలో 11 కన్నా తగ్గితే రక్తహీనతే. తిండి ఒక్కటే ఆ లోటును త్వరగా పూడ్చలేదు. కారణమేంటో డాక్టర్ తేల్చాలి. ఇనుము మాత్రలు రాస్తే వాటిని టీతో మాత్రం మింగకండి. నిమ్మరసం కలిపిన నీళ్లయితే మేలు.